కొనకుండా మిగిలిన రూపాయి

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి పెరడు, కుటుంబ స్వయం సమృద్ధి గురించి మాట్లాడమని సమాఖ్య వాళ్లు మాకు చెప్పారు. స్వయం సమృద్ధి అనే మాట పెద్దది. మనకు అర్థమయ్యేటట్టు చెప్పుకోవాలంటే, ఇంట్లోకి కావలసిన వాటిలో మన చేతులతో చేసుకోగలిగినవి మనమే చేసుకోవడం. ఇది కొత్త సంగతేం కాదు. మన అవ్వలు సంతకు పోతే ఉప్పు, బెల్లం, గుడ్డలు తెచ్చుకునేవాళ్లు. ఆకుకూర కోసం సంతకు పోయిన అవ్వను మేము చూడలేదు. ఇప్పుడు కరివేపాకు రెబ్బ కూడా డబ్బులిచ్చి కొంటున్నాం.

అట్లని పాత కాలమే మంచిది, మళ్లీ అట్లే బతకాల అని చెప్పడానికి మేము రాలేదు. పాత కాలంలో ఆడవాళ్లు విసిరి, దంచి, బిందెలతో నీళ్లు మోసి ఎంత కష్టపడ్డారో మనకు తెలుసు. రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చినందుకు మనలో ఎవ్వరికీ బాధ లేదు. మేము చెప్పదలుచుకున్నది రెండే మాటలు. ఒకటి, ఈ పని ఒక్క ఇల్లు పెట్టుకుంటే బరువు, సంఘం కలిసి చేస్తే సులువు. రెండు, పెరడు వల్ల కొనకుండా మిగిలిన రూపాయిని కూడా పుస్తకంలో రాయాలి. రాయకపోతే ఆ రూపాయీ నిలవదు, దాని వెనక మనం పడిన కష్టమూ ఎవరికీ కనపడదు.

మొదట లెక్క చూద్దాం. ఒక ఇంట్లో ఆకుకూర, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, ఒక కూరగాయ, అన్నీ కలిపి రోజుకు 20 రూపాయలే అనుకుందాం. ఈ ధరల్లో అది తక్కువే. నెలకు 600, ఏడాదికి 7,300 రూపాయలు. పది మంది ఉన్న సంఘం అంటే 73,000. మన సంఘం ఏడాదంతా చేసే పొదుపు పక్కన ఈ అంకె పెట్టి చూడండి. మా సంఘంలో అప్పుల పుస్తకం తిరగేసినప్పుడు ఒక సంగతి గమనించాం. గేదెకు, కుట్టు మిషనుకు, చేను పనికి తీసుకున్న పెద్ద అప్పుల మధ్యలో 500, 1,000 అని చిన్న చిన్న అప్పులు ఉన్నాయి. దేనికి అని రాసిన చోట "ఇంటి ఖర్చు" అని ఉంది. అంటే తిండికి అప్పు. చేను అప్పు పంట వస్తే తీరుతుంది. తిండికి తెచ్చిన అప్పుకు తిరిగొచ్చేది ఏమీ ఉండదు.

ఇంకో సంగతి కూడా గుర్తుచేసుకోండి. మన మదనపల్లె మార్కెట్టు టమాటాకు పేరు. 2023 జూలైలో అదే టమాటా కిలో వంద దాటిపోయి మనకే అందలేదు. ఇంకో ఏడు అదే టమాటా కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. ధర మన చేతిలో లేదు. పెరట్లో నాలుగు మొక్కలు ఉన్న ఇంటికి మాత్రం ధర పెరిగినా, తగ్గినా ఆ పూట కూర ఆగదు.

డబ్బు తర్వాత ఆరోగ్యం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఈ సభలో మన పక్కన కూర్చున్న వాళ్లను లెక్క పెట్టుకోండి, సగం మంది కంటే ఎక్కువే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలని చెప్పారు. నలుగురున్న ఇంటికి అది కిలోన్నర పైనే. రోజూ కొని తినగలిగిన ఇళ్లు మనలో ఎన్ని? ఇంట్లో కూర తక్కువైతే ఎవరి కంచంలో తగ్గుతుందో కూడా మనకు తెలుసు. ఆఖరున తినేది మనమే. చారు నీళ్లతో, ఊరగాయ ముక్కతో సంగటి మింగి లేచేది మనమే. కాబట్టి పెరట్లో మునగ చెట్టు ఉందంటే అది డబ్బుకే కాదు, మన ఒంట్లో రక్తానికి కూడా. మునగాకు పప్పులో వేయండి, పొడి కొట్టుకోండి. పైన నిమ్మకాయ పిండుకుంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టదు, గంట ఆగి తాగండి. ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మాత్రం మానొద్దు. ఆకుకూర తింటున్నాం కదా అని మాత్రలు గూట్లో పెట్టేయకూడదు.

ఇక పని ఎట్లా మొదలుపెట్టాలి? మాది వాన తక్కువ పడే సీమ. మొదట నీళ్ల సంగతి చూసుకోవాలి. పెరటి కోసం వేరే నీళ్లు మోయాల్సి వస్తే రెండు నెలల్లో విసుగొచ్చి వదిలేస్తాం. అందుకని వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో చూసి అక్కడ మొక్క పెట్టాలి. స్నానాల గది నీళ్లు పోయే దారిలో అరటి పెట్టుకోవచ్చు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు ఆకుకూరల మడికి పోయాలి. సబ్బు, సర్ఫు నీళ్లు ఆకుకూరలకు పోయకూడదు.

ఎప్పటికీ ఉండే చెట్లు నాలుగు చాలు: మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి. మునగ కొమ్మ నాటినా వస్తుంది. కంచె మీదికి, గుడిసె మీదికి తీగలు పాకించాలి. బీర, సొర, కాకర, చిక్కుడు, బచ్చలి. నేల మీద ఆకుకూరలు. తోటకూర, మెంతికూర అయితే నెల లోపలే కోతకు వస్తాయి. మడి అంతా ఒకేసారి చల్లితే ఒక వారం తినలేనంత వస్తుంది, తర్వాత నెల ఏమీ ఉండదు. మడిని మూడు భాగాలు చేసి పది పన్నెండు రోజులకు ఒక భాగం చల్లుకోవాలి. పుల్లకూర, వంగ, మిరప, టమాటా పక్కన ఉండాలి. ఎండాకాలంలో పాత చీర పైన పందిరిలా కడితే నీడ. మొదళ్ల దగ్గర ఎండుటాకు, చెనిక్కాయ పొట్టు పరిస్తే తేమ ఆరిపోదు.

ఎరువు కొనే పని లేదు. జీవామృతం గురించి ప్రకృతి వ్యవసాయం వాళ్లు ఎకరాకు 200 లీటర్ల లెక్క చెప్తారు. పెరటికి అందులో పదో వంతు చాలు. 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవు పేడ, అర లీటరు నుంచి లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి లేదా ఏదైనా పప్పు పిండి, మందులు కొట్టని చేను గట్టు నుంచి గుప్పెడు మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి, పొద్దున సాయంత్రం కట్టెతో కలియబెట్టాలి. వారం లోపల వాడేయాలి. నీళ్లలో పలచగా కలిపి మొదళ్ల దగ్గర పోయాలి, కోసుకునే ఆకు మీద పోయకూడదు. పెరటి కూర అయినా, కొన్న కూర అయినా బాగా కడిగే వండాలి. ఆవు లేని ఇంటికి పేడ ఎట్లా అంటే, సంఘంలో ఆవున్న అక్క ఇంటి దగ్గర ఒక డ్రమ్ములో కలిపి, ఇంటికి రెండు మగ్గులు పంచుకుంటే సరిపోతుంది. బెల్లం ఒకరు, పిండి ఒకరు తెస్తారు.

ఇక్కడే కొందరు చెల్లెళ్లు అడుగుతారు. "అక్కా, మాకు పెరడే లేదు. కాలనీలో సెంటు, సెంటున్నర స్థలం. ఇల్లు కట్టుకుంటే అడుగు పెట్టే చోటు మిగల్లేదు" అని. న్యాయమైన మాట. సెంటు అంటే 48 గజాలు. మా సంఘంలోనూ అట్లాంటి ఇళ్లు ఉన్నాయి. వాళ్లు సిమెంటు సంచులు, పగిలిన బిందెలు, నూనె డబ్బాలకు కింద బొక్కలు పెట్టి, మట్టి, పశువుల ఎరువు సగం సగం నింపి గోడ పక్కన పెట్టారు. సంచిలో వంగ, మిరప, టమాటా బాగా వస్తాయి. గోడ పక్కన ఒక సంచిలో బచ్చలి పెడితే మిద్దె మీదికి పోతుంది. అయితే సంచులతో ఇల్లు గడవదు, అది ఒప్పుకోవాలి. అందుకే మేము అనేది, పెరడు లేని అక్కను సంఘం వదిలేయకూడదు అని. స్థలం ఉన్న అక్క పెరట్లో వీళ్లు పని చేసి పంట పంచుకోవచ్చు. లేదంటే సంఘం పేరు మీద ఊరి దగ్గర పది సెంట్లు కౌలుకు అడగవచ్చు. అంగన్‌వాడీ, బడి ఆవరణలో ఖాళీ ఉంటే పంచాయతీని అడగవచ్చు. గ్రామ సంఘం తీర్మానం రాసి ఇస్తే ఒక్కరు అడిగినట్టు ఉండదు.

కోళ్ల సంగతికి వస్తాం. నాటుకోడి ఏడాదికి పెట్టే గుడ్లు యాభై అరవైకి మించవు గానీ తానే తిరిగి తింటుంది, తానే పొదుగుతుంది, పిల్లలను గద్ద నుంచి కాచుకుంటుంది. వనరాజా, గ్రామప్రియ అనే జాతులను రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరట్లో పెంచుకోవడానికే తయారు చేశారు. అవి గుడ్లు ఎక్కువ పెడతాయి, కానీ పొదగవు. రెండు రకాలూ కలిపి ఉంచుకుంటే మంచిది. కోళ్లలో మనకు నష్టం ఎక్కడ వస్తుందంటే కొక్కెర తెగులు దగ్గర. ఒక్క వారంలో ఊరు ఊరంతా కోళ్లు పోతాయి. దానికి టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్2బి సూది. ఒక సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు కూడా ఉంటుంది. దాన్ని చల్లగా తేవాలి, తెరిచిన పూటే వాడేయాలి. ఐదు కోళ్లున్న ఇల్లు ఆ సీసా ఏం చేసుకుంటుంది? అందుకే ఎవరూ వేయించరు. పది ఇళ్లు ఒకే రోజు అనుకుని, పశువుల ఆసుపత్రిలో ముందుగా చెప్పి, పొద్దున్నే కోళ్లు గంప కింద ఉన్నప్పుడే వేయిస్తే గంట పని. ఒంటరిగా కుదరని పని సంఘంతో కుదురుతుంది అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

విత్తనం కూడా అంతే. ప్యాకెట్లో వచ్చే హైబ్రిడ్ విత్తనం, ఈ ఏడు కాసిన కాయ నుంచి తీసి మళ్లీ వేస్తే అదే రకంగా రాదు. నాటు విత్తనం అయితే ఏటా దాచుకోవచ్చు. టమాటా, చిక్కుడు, అలసంద లాంటివి సులువు. మంచి మొక్కను ముందే గుర్తు పెట్టుకుని, దారం కట్టి, దాని కాయలు కోయకుండా ముదరనివ్వాలి. సొర, బీర, గుమ్మడి మాత్రం ఈగలు, తుమ్మెదలు ఒక రకం పుప్పొడి ఇంకో రకానికి చేర్చి కలిపేస్తాయి. ఒకే ఇంట్లో రెండు రకాల సొర ఉంటే విత్తనం చెడుతుంది. అందుకని మా సంఘంలో ఇంటికి ఒక రకం అని పంచుకున్నాం. ఒకరిది పొడుగు సొర, ఒకరిది బీర, ఒకరిది అనప. ఎవరి రకానికి వాళ్లు పూచీ. దోసెడు విత్తనం తీసుకున్న వాళ్లు పంట వచ్చాక దోసెడున్నర తిరిగి ఇవ్వాలి. ఇంకో జాగ్రత్త, సొరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ పారేయండి. చేదు సొర తింటే ప్రాణం మీదికి వస్తుంది. దాని విత్తనం కూడా ఉంచకూడదు.

విత్తనాలు బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి కుండలో పెట్టి మూతి మూయడం మన పెద్దవాళ్ల పద్ధతి. ఇది మోటు పద్ధతి అని అనుకోకండి. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువ మంది దళిత మహిళలే, చదువు లేని వాళ్లే, ఇట్లాగే చిరుధాన్యాల విత్తనాలు ఇంట్లో దాచి, ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకుని నిలబెట్టారు. 2008లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లు ఈక్వేటర్ ప్రైజు ఇచ్చారు. వాళ్లదీ మనలాంటి వాన చాలని నేలే, మనలాంటి సంఘమే.

ఎండ మనకు కొదవలేదు కదా, దాన్ని కూడా వాడుకోవాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా గోరుచిక్కుడు, వంకాయ, మామిడి ఒరుగులు, చల్ల మిరపకాయలు, బూడిద గుమ్మడి వడియాలు చేసుకుంటే వానాకాలంలో కూర ధర పెరిగినప్పుడు పనికొస్తాయి. కొత్త చింతపండు వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా గింజ తీసి దాచుకోవాలి. ఇవి కూడా ఒక్కరే కూర్చుని చేస్తే నడుములు పోతాయి. నలుగురు ఒక మిద్దె మీద చేరితే మాటల్లో పని అయిపోతుంది. ఇంటికి మించి చేసి బయట అమ్మాలనుకుంటే మాత్రం ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, సంఘం పేరుతో తీసుకోవచ్చు.

ఏం చేసుకోకూడదో కూడా చెప్పాలి. అన్నీ ఇంట్లోనే చేసుకోవాలనే పట్టుదల మంచిది కాదు. మేత లేకుండా, నీళ్లు లేకుండా అప్పు తెచ్చి గేదెను కొంటే, గడ్డి కొనడానికి ఇంకో అప్పు అవుతుంది. ముందు గడ్డి ఎక్కడిది అని లెక్క వేసి, తర్వాత గేదె లెక్క వేయాలి. మంచి కూలి దొరికే రోజుల్లో కూలి మానుకుని పెరట్లో కూర్చోవడం కూడా లెక్క కాదు. పెరటి పని పొద్దున అరగంట, సాయంత్రం అరగంటలో అయిపోయేంతే పెట్టుకోవాలి.

ఆ గంట ఎవరిది అన్నదే అసలు సంగతి. ఇంటి పని, కూలి పని, సంఘం పని, వాటి మీద పెరటి పని కూడా మన నెత్తినే పడితే ఇది సమృద్ధి కాదు, ఇంకో చాకిరీ. కంచె కట్టడం, గుంత తవ్వడం, ఎరువు మోయడం ఇంట్లో మగవాళ్లు చేయాలి. నీళ్లు పోయడం పిల్లలు చేయగలరు, మగపిల్లలు కూడా. మా ఊరికి సర్వే వాళ్లు వచ్చినప్పుడు, మా సంఘం అక్క ఒకామెను ఏం పని చేస్తావమ్మా అని అడిగారు. "ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటాను" అని చెప్పింది. ఆ రోజు పొద్దున ఆమె నాలుగు కోళ్లకు గింజలు వేసి, మడికి నీళ్లు పెట్టి, కట్ట కూర కోసి, రెండు పొరుగిళ్లకు ఇచ్చి వచ్చింది. పని చేసిన మనిషే "ఏం లేదు" అంటే, చూసే వాళ్లు ఏమనుకుంటారు?

అందుకే రాయాలి అంటున్నాం. మా సంఘంలో వారం మీటింగుకు ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. పేరు "పెరటి పద్దు". ఒక్కొక్కరు ఆ వారం పెరటి నుంచి ఏం తిన్నారు, సంత ధరకు అది ఎంత, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎన్ని గుడ్లు పిల్లలు తిన్నారు, ఎన్ని అమ్మారు, అంతే. చదువు రాని అవ్వ చెప్తే పక్కన ఉన్న వాళ్లు రాస్తారు. గుడ్ల లెక్కలో పిల్లల వంతు ముందు, అమ్మకం తర్వాత అని నియమం. రాయడం మొదలుపెట్టాక ఇంకో ప్రశ్న వచ్చింది. మిగిలిన డబ్బు ఎక్కడ? నిజమే, కూర కొనకపోతే ఆ 20 రూపాయలు ఇంట్లో కనపడవు. టీ అంగడికో, సెల్ రీచార్జికో, ఇంకో దానికో పోతాయి. కాబట్టి పద్దులో ఎంత రాశారో అందులో కనీసం నాలుగో వంతు ఆ వారమే మామూలు పొదుపు మీద అదనంగా కట్టాలని తీర్మానం చేసుకున్నాం. వారానికి 100 రూపాయల కూర పెరటి నుంచి వచ్చిందంటే 25 రూపాయలు ఆమె పేరు మీద పొదుపులో పడతాయి. పెరడు పండించింది ఆమె, పుస్తకంలో పేరు కూడా ఆమెదే ఉండాలి.

పంచసూత్రాలు మనకు కంఠతా వచ్చు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మేము చెప్పిన పెరటి పని ఈ ఐదింటికి బయట ఉన్నది కాదు. సమావేశంలోనే విత్తనం పంచుకుంటాం, పొదుపులోనే దాని రూపాయి పడుతుంది, పుస్తకంలోనే దాని లెక్క ఉంటుంది.

చివరగా, మా సంఘం తరఫున ఈ మహాసభ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి గ్రామ సంఘంలో ఒక విత్తన కుండల గూడు, దానికి ఒక బాధ్యురాలు ఉండాలి. రెండు, కోళ్ల టీకాకు ఊరంతటికీ ఒకే రోజు పెట్టి, గ్రామ సంఘం నెల మీటింగులో ఆ తేదీ రాయాలి. మూడు, వచ్చే ఏడాది ఈ వార్షిక నివేదికలో పొదుపు, అప్పు, రికవరీ పట్టికల పక్కన పెరటి పద్దు పట్టిక కూడా అచ్చు కావాలి. మనం పండించి, వండి, పిల్లలకు పెట్టిన తిండి విలువ ఎంతో ఈ మండలం మొత్తం ఒకచోట చూడాలి. దానికి ఈ వారం మీటింగు నుంచే ప్రతి సంఘం ఒక నోటు పుస్తకం తెరవాలని కోరుతున్నాం.

 మధ్యాహ్నం భోజనాల దగ్గర మా సంఘం వాళ్లు అనప, పొడుగు సొర, పుల్లకూర విత్తనాలు పొట్లాలు కట్టి పెట్టారు. తీసుకుని పోండి. వచ్చే ఏడు తిరిగి తెచ్చేటప్పుడు మాత్రం దోసెడున్నర, మరిచిపోవద్దు.